దెబ్బ తగిలిన చేతికి ఎవరు పూచీ?

(సొంతంగానూ, సంఘాలుగానూ చిన్న యూనిట్లు నడుపుతున్న స్త్రీల సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



కూలి రేట్ల గురించి, ఆస్తిహక్కు గురించి, గృహహింస గురించి మన సభల్లో ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఇన్సూరెన్సు గురించి మాట్లాడుకున్న గుర్తు నాకు లేదు. అది ఏజెంట్ల వ్యవహారమనీ, డబ్బున్నవాళ్ల వ్యవహారమనీ అనుకుంటాం. కానీ ఈ హాలులో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లున్నారు. టిఫిన్ సెంటర్లు నడిపేవాళ్లున్నారు. కుట్టు మిషన్లు వేసి పదిమందికి పని చూపిస్తున్నవాళ్లున్నారు. సంఘం డబ్బుతో పేపరు ప్లేట్ల మిషను కొన్నవాళ్లున్నారు. ఆ మిషను ముందు కూర్చుని రోజుకూలికి పనిచేసేవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. మిషనులో వేలు పడినా, పచ్చడి తిని ఒకరి ప్రాణం మీదికి వచ్చినా, సిలిండరు పేలి పక్కింటి గోడ కూలినా ఆ నష్టం ఎవరు కట్టాలి? ఎక్కడి నుంచి తెచ్చి కట్టాలి? ఇది హక్కుల ప్రశ్నే. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చాలా ఏళ్లుగా పనిచోట ప్రమాదాల పరిహారం కేసులు చూస్తున్నాను. ఎక్కువగా దెబ్బ తగిలినవాళ్ల తరఫునే వాదించాను. ఆ అనుభవంతోనే నాలుగు మాటలు చెబుతాను.

రెండు రకాల బీమా

"మీ యూనిటుకు ఇన్సూరెన్సు ఉందా?" అని అడిగితే చాలామంది "ఉందండీ, లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లే చేయించారు" అంటారు. ఆ కాగితం తెప్పించి చూస్తే అది అగ్నిప్రమాదాల బీమా. షెడ్డు, మిషను, సరుకు కాలిపోతే డబ్బు వస్తుంది. మొత్తం ఆస్తి విలువ ఐదు కోట్ల రూపాయల వరకు ఉన్న యూనిట్లకు 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ పాలసీని 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అనే పేరుతో ఇస్తున్నారు. అది అవసరమే, కాదనను. కానీ లోను ఉన్నంతకాలం ఆ పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది. క్లెయిము డబ్బు ముందు బ్యాంకుకే చేరుతుంది. అంటే బ్యాంకు తన అప్పుకు రక్షణ చూసుకుంది. మిషను మీద పనిచేసే స్త్రీ చెయ్యి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

రెండో రకం బీమా మీకు తెలియనిది కాదు. స్కూటరుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు చేయిస్తాం కదా, అదే. మన బండి కింద పడి ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకు మనం కట్టవలసిన పరిహారాన్ని కంపెనీ కడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. దీన్నే లయబిలిటీ ఇన్సూరెన్సు అంటారు. మొదటి రకం బీమా మనకు జరిగిన నష్టానికి మనకు డబ్బిస్తుంది. రెండో రకం మనవల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి, మనం పడిన బాధ్యత మేరకు, వాళ్లకు డబ్బిస్తుంది.

థర్డ్ పార్టీ ఉన్నా అన్నీ దాని కిందికి రావు. మిరప కోతలకు ఆడవాళ్లను ట్రాలీ ఆటోల్లో కుక్కి తీసుకుపోవడం మనం రోజూ చూస్తాం. సరుకుల బండిలో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికుల బాధ్యత ఇన్సూరెన్సు కంపెనీది కాదనీ, బండి యజమానిదేననీ 2004లో బల్జీత్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండికి పాలసీ ఉన్నా, అందులో కూర్చున్న కూలీలకు అది పనికిరాకపోవచ్చునన్న మాట. అందుకే "పాలసీ ఉందా?" అని అడిగి ఊరుకుంటే చాలదు. "ఎవరికి, దేనికి ఉంది?" అని అడగాలి.

బాధ్యత ముందు, బీమా తర్వాత

"మాకు అలాంటి పాలసీ ఏదీ లేదండీ, కాబట్టి మేం కట్టనక్కర్లేదు" అని నాతో వాదించిన యజమానులున్నారు. ఇది పూర్తిగా తలకిందుల మాట. బాధ్యతను పుట్టించేది చట్టం. బీమా ఆ బాధ్యత తీర్చడానికి డబ్బు సమకూరుస్తుంది, అంతే. బీమా లేకపోతే బాధ్యత పోదు, మన సొంత ఆస్తి మీద పడుతుంది.

సరుకు తయారుచేసేవాళ్ల బాధ్యత గురించి లా కాలేజీల్లో మొదట చెప్పే కేసు ఒక పేద స్త్రీది. 1928 ఆగస్టులో స్కాట్లాండులోని పైస్లీ పట్టణంలో మే డొనోహ్యూ అనే ఆవిడ ఒక హోటలులో జింజర్ బీరు తాగింది. సీసా రంగు గాజుది, లోపల ఏముందో కనబడదు. మిగిలినది గ్లాసులో వంచితే కుళ్లిన నత్త బయటపడిందని ఆవిడ ఫిర్యాదు. జబ్బుపడింది. ఆ సీసాకు డబ్బిచ్చింది ఆవిడ కాదు, వెంట వచ్చిన స్నేహితురాలు. కాబట్టి అమ్మినవాడి మీద ఒప్పందం ప్రకారం దావా వేయడానికి వీల్లేదు. ఆవిడ తయారీదారు మీద కేసు వేసింది. కోర్టు ఖర్చులు భరించలేని నిరుపేదనని ప్రకటించుకుని మరీ అప్పీలుకు వెళ్లింది. 1932లో బ్రిటన్ ప్రభువుల సభ ఇద్దరికి వ్యతిరేకంగా ముగ్గురి మెజారిటీతో తీర్పు చెప్పింది. తన సరుకు చివరికి ఎవరి నోటికి చేరుతుందో వాళ్ల విషయంలో తయారీదారు జాగ్రత్త వహించాలని ఆ తీర్పు సారాంశం. దుకాణంలో పనిచేసుకునే ఒక స్త్రీ పట్టుదల ప్రపంచంలో ఎన్నో దేశాల న్యాయానికి పునాది అయింది. మన కోర్టులు కూడా ఆ సూత్రాన్ని అనుసరిస్తున్నాయి.

మన దేశంలో ఇప్పుడు చట్టమే స్పష్టంగా రాసి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో 'ప్రొడక్టు లయబిలిటీ' అనే అధ్యాయం ఉంది. అది 2020 జులై నుంచి అమల్లో ఉంది. సరుకు లోపం వల్ల హాని జరిగితే తయారుచేసినవాళ్లు, కొన్ని సందర్భాల్లో అమ్మినవాళ్లు పరిహారం ఇవ్వాలి. ఆహారం విషయంలో 2006 ఆహార భద్రతా చట్టం 65వ సెక్షను ఇంకా కచ్చితంగా ఉంది. తిన్న మనిషి చనిపోతే ఐదు లక్షల రూపాయలకు తగ్గకుండా, తీవ్రమైన హాని జరిగితే మూడు లక్షల వరకు, ఇతర హానికి లక్ష వరకు పరిహారం కట్టాలి. మరణమైతే 30 రోజుల్లోగా కుటుంబానికి మధ్యంతర సహాయం అందాలి. ఈ సెక్షనులో పెద్ద కంపెనీ అనీ, డ్వాక్రా సంఘమనీ తేడా ఏమీ లేదు. ఆవకాయ సీసా మీద మన సంఘం పేరు అచ్చేసి అమ్ముతున్నామంటే ఆ పేరుతోపాటు ఈ బాధ్యతను కూడా తలకెత్తుకున్నామన్న మాటే.

పనిచేసే మనిషికి దెబ్బ తగిలితే

ఇప్పుడు అసలైన విషయానికి వస్తాను. చిన్న యూనిట్లలో ఎక్కువగా దెబ్బ తగిలేది కొనేవాళ్లకు కాదు, పనిచేసేవాళ్లకు.

పని చేస్తుండగా, పని కారణంగా జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలన్న సూత్రం మన దేశంలో 1923 నుంచి ఉంది. ఆనాటి చట్టం పేరు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ యాక్టు. 2009 సవరణతో అది ఉద్యోగుల పరిహార చట్టం అయింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉంది.

ఆ లెక్క ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని, వయసును బట్టి చట్టం ఇచ్చిన ఒక గుణకంతో హెచ్చవేయాలి. 40 ఏళ్ల మనిషికి ఆ గుణకం 184.17. నెలకు పదివేలు సంపాదించే 40 ఏళ్ల స్త్రీ పనిలో చనిపోతే 5,000ను 184.17తో హెచ్చవేస్తాం. 9 లక్షల 20 వేల 850 రూపాయలు వస్తుంది. శాశ్వతంగా పని చేయలేని స్థితి వస్తే సగం బదులు 60 శాతం తీసుకుంటాం. అవయవ నష్టమైతే చట్టం షెడ్యూలులో ఒక్కొక్క అవయవానికి ఒక శాతం రాసి ఉంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం. నెలకు తొమ్మిది వేలు వచ్చే 35 ఏళ్ల మనిషి బొటనవేలు పోయిందనుకోండి. ఆ వయసుకు గుణకం 197.06. పరిహారం 3 లక్షల 19 వేలు దాటుతుంది.

మన ఊళ్లలో జరిగేది ఏమిటి? ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో పదివేలు పెట్టి, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటారు. "ఇకమీదట ఏమీ అడగను" అని రాయించుకుంటారు. పరిహారం హక్కును వదులుకునే ఒప్పందాలు చట్టం ముందు చెల్లవు. మరణం సంభవిస్తే డబ్బు నేరుగా కుటుంబం చేతిలో పెట్టినా అది పరిహారం కట్టినట్టు కాదు, సంబంధిత అధికారి దగ్గర జమ చేయాలి. ఇది స్త్రీల కోసం చాలా ముఖ్యమైన నిబంధన. లేకపోతే ఆ డబ్బు భర్త అన్నదమ్ముల చేతికి పోయి, భార్యాబిడ్డలకు చిల్లిగవ్వ కూడా దక్కదు.

"ఆవిడే అజాగ్రత్తగా చెయ్యి పెట్టింది" అన్నది రెండో వాదన. మామూలు అజాగ్రత్త పరిహారానికి అడ్డు కాదు. తాగి ఉండటం, రక్షణ నియమాన్ని కావాలని ఉల్లంఘించడం, రక్షణ కవచాన్ని కావాలని తీసెయ్యడం, ఈ మూడే యజమాని చెప్పుకోదగ్గ కారణాలు. మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ అవి కూడా పనికిరావు.

"నీకు ఇరవై రూపాయల బీమా ఉంది కదా" అన్నది మూడో వాదన. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు తీసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ప్రమాద మరణానికి రెండు లక్షలు వస్తాయి. అది ఆ మనిషి తన డబ్బుతో తాను చేసుకున్న బీమా. యజమాని బాధ్యత దానితో తీరదు. రెండూ అడగవచ్చు.

పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకు ఇ.ఎస్.ఐ. ఉంది. అక్కడ గాయం పరిహారం ఇ.ఎస్.ఐ. ద్వారానే వస్తుంది. అంతకంటే చిన్న యూనిట్లలో సాధారణంగా భారం మొత్తం యజమాని మీదే ఉంటుంది. ఇంటికి గుడ్డలు తెచ్చుకుని ముక్కకింత అని కుట్టే స్త్రీల సంగతి మరీ అన్యాయం. మిషను ఆమెదే, కరెంటు ఆమెదే, సూది వేలిలో దిగితే ఆ నొప్పి కూడా ఆమెదే. పని ఇచ్చినవాడు యజమానిగా ఎక్కడా కనబడడు.

రెండు వైపులా మనమే

ఇక్కడ మనలో మనం నిజాయితీగా మాట్లాడుకోవలసిన మాట ఒకటుంది. బయటి యజమాని దగ్గర ప్రమాదం జరిగితే మనం ధర్నా చేస్తాం. మన సంఘం యూనిటులోనే జరిగితే? నేను చూసిన ఒక కేసు చెబుతాను. పేర్లు, ఊరు అవసరం లేదు. పదకొండు మంది స్త్రీలు కలిసి కారం ఆడించే యూనిటు పెట్టుకున్నారు. పక్క వీధి స్త్రీని కూలికి పెట్టుకున్నారు. ఆమె చున్నీ బెల్టులో పడి చెయ్యి విరిగింది. ఆమె నా దగ్గరికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. కారణం అడిగితే, "వాళ్లూ నాలాంటోళ్లే గదమ్మా, కేసు పెడితే సంఘం కూలిపోద్దన్నారు" అంది. సంఘం లీడరుని పిలిపిస్తే ఆమె కూడా ఏడ్చింది. "లోను ఇంకా మూడు లక్షలుంది. మా దగ్గర ఏముందని కట్టమంటారు?" అంది. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. కంపెనీ యజమానిని నిలదీసినట్టు ఆ సంఘాన్ని నిలదీయలేం. అలాగని చెయ్యి విరిగిన మనిషిని ఊరుకోమనే అధికారం ఎవరికుంది?

సంఘీభావం పేరుతో పరిహారం అడగనివ్వకపోతే నష్టమంతా మనందరిలోకీ పేదరాలి మీదే పడుతుంది. ఆ సంఘం దగ్గర ఉద్యోగుల పరిహార పాలసీ ఉండి ఉంటే ఆ ఇద్దరూ నా ముందు ఎదురెదురుగా కూర్చుని ఏడవవలసిన పని ఉండేది కాదు. ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. చిన్న యూనిటు కట్టుకోలేనంత పరిహారాన్ని పదిమంది యజమానులు ముందే తలా కొంచెం వేసి సిద్ధం చేసుకోవడమే బీమా. పొదుపు సంఘం మనకు నేర్పిన లెక్కే ఇది. ఆ లెక్కను మన దగ్గర పనిచేసే మనిషి కోసం కూడా వేసుకోవాలి.

కాగితాల మీద ఎవరి పేరు?

మరో ప్రమాదం ఉంది. స్త్రీల పేరు మీద అయితే వడ్డీ రాయితీ వస్తుందని, సబ్సిడీ వస్తుందని భర్తలు, అన్నలు భార్యల పేరు మీదో చెల్లెళ్ల పేరు మీదో వ్యాపారం పెడతారు. గల్లాపెట్టె తాళం అతని దగ్గర, సంతకం ఆమెది. ప్రమాదం జరిగినప్పుడు నోటీసు ఎవరి పేరు మీద వస్తుంది? ఆమె పేరు మీదే. సొంత వ్యాపారంలో వ్యాపారానికీ మనిషికీ చట్టం తేడా చూడదు. వ్యాపారం బాకీ ఆమె బాకీయే. ఆమె పేరున ఉన్న ఇల్లు, పుట్టింటివాళ్లు ఇచ్చిన స్థలం జప్తుకు రావచ్చు. భాగస్వామ్యం అయితే 1932 భాగస్వామ్య చట్టం 25వ సెక్షను ప్రకారం భాగస్తులందరూ కలిసీ, ఒక్కొక్కరూ విడిగానూ మొత్తం బాకీకి బాధ్యులు. నలుగురిలో ముగ్గురు చేతులెత్తేస్తే నాలుగో ఆమె మొత్తం కట్టాలి.

అందుకని సంతకం పెట్టేముందు రెండు ప్రశ్నలు వేయండి. లాభం లెక్క నాకు చూపిస్తారా? నష్టం వస్తే కట్టే పాలసీ ఉందా? రెండింటికీ జవాబు లేకపోతే ఆ సంతకం పెట్టకండి.

భోపాల్ నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి వేలమంది చనిపోయారు. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. బాధితులు, ముఖ్యంగా స్త్రీలు, దశాబ్దాల తరబడి వీధుల్లో పోరాడుతూనే ఉన్నారు. ఢిల్లీలో శ్రీరామ్ కర్మాగారం నుంచి 1985 డిసెంబరులో ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986లో సుప్రీంకోర్టు ప్రమాదకరమైన పని చేసే సంస్థ బాధ్యతకు మినహాయింపులు లేవని తీర్పు చెప్పింది. ఆ తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్సు చట్టం వచ్చింది. నిర్ణీత పరిమాణానికి మించి ప్రమాదకర పదార్థాలు వాడే సంస్థలు తప్పనిసరిగా ఈ బీమా చేయించాలి. తప్పు ఎవరిదని బాధితులు నిరూపించనక్కర్లేదు, కలెక్టరుకు దరఖాస్తు పెడితే తక్షణ సహాయం అందాలి.

ఉద్దేశం గొప్పది. అమలు సంగతి వేరు. 1991లో చట్టం రాసినప్పుడు ఒక ప్రాణానికి వేసిన సహాయం 25 వేల రూపాయలు. పైగా ఆ సహాయం బయటి జనానికే గాని లోపల పనిచేసే కార్మికులకు కాదు. 2020 మే 7న విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయినప్పుడు రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి కోటి రూపాయలు ఇచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ కంపెనీని ముందుగా 50 కోట్లు జమ చేయమంది. పెద్ద కంపెనీ, దేశమంతా చూసిన ప్రమాదం కాబట్టి అది సాధ్యమైంది.

చిన్న యూనిట్ల సంగతి చూడండి. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారుచేసే చోట పేలుడు జరిగి 8 మంది చనిపోయారు. అందులో స్త్రీలున్నారు. 2014 అక్టోబరులో తూర్పు గోదావరి జిల్లా వాకతిప్పలో జరిగిన పేలుడులోనూ మృతుల్లో స్త్రీలే ఎక్కువ. దీపావళి ముందు రోజుల్లో వత్తులు చుట్టడానికి, మందు కూరడానికి ఆడవాళ్లను పిలుస్తారు. హాజరుపట్టీలో పేరు ఉండదు. పాలసీ ఉన్నా అందులో నలుగురే కార్మికులు రాసి ఉంటారు. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దయతో ఇచ్చేది, పరిహారం హక్కుగా వచ్చేది. మొదటిది వచ్చింది గదా అని రెండోదాన్ని వదిలేయకూడదు.

ఏ పాలసీ దేనికి?

మన యూనిట్లకు పనికొచ్చే పాలసీలు ముఖ్యంగా నాలుగు. పనిచేసేవాళ్ల కోసం ఉద్యోగుల పరిహార పాలసీ. దీని ప్రీమియం జీతాల మొత్తాన్ని, పనిలో ఉన్న ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. మన ఆవరణలో, మన పనివల్ల బయటివాళ్లకు జరిగే నష్టానికి పబ్లిక్ లయబిలిటీ పాలసీ. మనం అమ్మిన సరుకు వల్ల జరిగే హానికి ప్రొడక్టు లయబిలిటీ పాలసీ. వైద్యులు, ఇంజనీర్లవంటి వృత్తివాళ్ల పొరపాట్లకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. ఇవి కాక దుకాణదారుల కోసం ప్యాకేజీ పాలసీలుంటాయి. వాటిలో అగ్నిప్రమాదం, దొంగతనంతోపాటు పబ్లిక్ లయబిలిటీ, ఉద్యోగుల పరిహారం విభాగాలు కూడా ఉంటాయి. కానీ అడిగి చేర్పించుకుంటేనే చేరతాయి.

తీసుకునే ముందు గమనించవలసిన సంగతులు కొన్ని:

పబ్లిక్ లయబిలిటీలో మన కూలీలు 'బయటివాళ్లు' కారు. వాళ్లకు విడిగా పాలసీ ఉండాలి.

మన చేతికి అప్పగించిన వస్తువులు సాధారణంగా దాని కిందికి రావు. కుట్టడానికిచ్చిన పట్టుచీర కాలిపోతే "అది మీ అధీనంలో ఉంది" అని కంపెనీ కాదంటుంది. టైలరింగ్, లాండ్రీ, మగ్గం వర్కు చేసేవాళ్లు దీన్ని ముందే తేల్చుకోవాలి.

ప్రొడక్టు పాలసీ తిన్నవాళ్లకు జరిగిన హానికి కడుతుంది. చెడిపోయిన సరుకు వెనక్కి తెప్పించే ఖర్చు, దాని ఖరీదు సాధారణంగా ఇవ్వదు.

ఒక్క ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని రెండు పరిమితులుంటాయి. రెండూ చూడండి. కొంత మొత్తం మనమే భరించాలన్న షరతు కూడా ఉంటుంది.

పబ్లిక్, ప్రొడక్టు పాలసీల్లో చాలావరకు క్లెయిము వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి. మధ్యలో ఒక ఏడాది ఆపేస్తే పాత రోజుల సంఘటనలకు రక్షణ పోతుంది.

1938 ఇన్సూరెన్సు చట్టం 64వి.బి. సెక్షను ప్రకారం ప్రీమియం ముందుగా అందనిదే కంపెనీకి బాధ్యత లేదు. ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి రసీదు తీసుకోకపోతే, ఇచ్చిన చెక్కు బౌన్సయితే పాలసీ ఉందనుకోవద్దు.

ప్రీమియం తగ్గుతుందని పదిమంది ఉన్నచోట నలుగుర్ని రాయకండి. సీజనులో వచ్చేవాళ్లను, మేస్త్రీ ద్వారా వచ్చేవాళ్లను కూడా రాయించండి. యూనిటు నడిచే చోటు, చేసే పనులు అన్నీ రాయించండి. లైసెన్సులు గడువులో ఉంచుకోండి.

కావాలని చేసిన తప్పుకు, జరిమానాలకు బీమా ఉండదు. ప్రమాదం జరిగిన నెలలోగా కార్మికురాలికి పరిహారం కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే సగం దాకా పెనాల్టీ పడుతుంది. ఆ పెనాల్టీ ఇన్సూరెన్సు కంపెనీది కాదు, యజమానిదేనని 1997లో వేద్ ప్రకాశ్ గార్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రమాదం జరిగిన రోజు

ముందు మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. వైద్యం చేయిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందేమోనని భయపడకండి, అలా కాదు. అయితే కంపెనీకి తెలియకుండా "ఇంత ఇస్తాం" అని కాగితం రాస్తే కంపెనీ ఆ మొత్తానికి ఒప్పుకోదు. అదే రోజో మర్నాడో కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. నకలు ఉంచుకోండి. ఫొటోలు తీయండి. ఆసుపత్రిలో "ఇంట్లో జారిపడింది" అని రాయించడం మన దగ్గర అలవాటు. ఆ ఒక్క వాక్యంతో ఎన్నో కేసులు పోయాయి. ఏ చోట, ఏ పనిలో, ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయించండి. దెబ్బ తగిలినవాళ్ల తరఫున వెళ్లే కార్యకర్తలు మొదట అడగవలసింది కూడా ఆసుపత్రి చీటీయే. రెండోది, యజమానికి ఏ కంపెనీలో పాలసీ ఉందన్నది. కేసులో ఆ కంపెనీని కూడా చేర్చవచ్చు.

కంపెనీ క్లెయిము కాదంటే ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. నెలలోగా సరైన జవాబు రాకపోతే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. హైదరాబాదులో ఆఫీసు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. వ్యక్తులే కాక సొంత వ్యాపారాలు, సూక్ష్మ సంస్థలు కూడా 50 లక్షల రూపాయల లోపు తగాదాలకు అక్కడికి వెళ్లవచ్చు. ఏడాది దాటనివ్వకండి.

మనం చేయవలసినవి

బీమా ఉంది కదా అని బెల్టుకు కవచం వేయకపోతే ఆ బీమా పాపం మూటగట్టుకోవడానికే. డబ్బు తెగిన వేలును తెచ్చివ్వదు. మిషనుకు కవచం, జుట్టుకు, చున్నీకి కట్టు, సిలిండరుకు బయట చోటు, వీటి తర్వాతే పాలసీ.

ప్రతి సమాఖ్య తన కింద ఉన్న యూనిట్ల జాబితా తీసి, ఎక్కడ ఎందరు పనిచేస్తున్నారో, ఏ పాలసీ ఉందో మూడు నెలల్లో రాసుకోవాలి. ఒక్కొక్క చిన్న యూనిటు విడిగా వెళితే కంపెనీలు పట్టించుకోవు. సమాఖ్య తరఫున వందమంది కలిసి అడిగితే వింటాయి. పాలసీ నకలు, కంపెనీ పేరు, గడువు తేదీ పనిచోట గోడకు అంటించాలి. మన యూనిట్లలోనే ఇది మొదలు కావాలి, అప్పుడే బయటి యజమానుల్ని అడిగే నోరుంటుంది.

ప్రభుత్వాన్నీ బ్యాంకుల్నీ మనం అడగవలసినవి ఉన్నాయి. లోనుకు అగ్ని బీమా తప్పనిసరి చేసిన బ్యాంకు, కార్మికుల పరిహార బీమాను కూడా అదే ఫారంలో ఎందుకు పెట్టదు? సబ్సిడీ ఇచ్చేటప్పుడు మొదటి రెండేళ్ల ప్రీమియం కూడా అందులో కలపాలి. ఇంటి దగ్గర ముక్కపని చేసే స్త్రీల ప్రమాదాలకు పని ఇచ్చినవాళ్లను బాధ్యుల్ని చేయాలి. పాలసీ పత్రాలు తెలుగులో ఇవ్వాలి. మనం సంతకం పెట్టే కాగితాన్ని మనం చదవగలగాలి కదా.

ఇంటికి వెళ్లాక బీరువాలో ఉన్న ఇన్సూరెన్సు కాగితం బయటికి తీయండి. అందులో మీ మిషను పేరు ఉంటుంది, మీ సరుకు విలువ ఉంటుంది. మీ దగ్గర పనిచేసేవాళ్ల సంగతి ఉందో లేదో చూడండి. లేకపోతే రేపు ఉదయం కంపెనీ ఆఫీసు తెరవగానే వెళ్లి అడగండి. మీకు ఏ సందేహం వచ్చినా ఇప్పుడే అడగండి, చర్చకు గంట సమయం ఉంది.